ముందు లెక్క, తర్వాత వేరు



ఈసారి వార్షికోత్సవం చర్చా పోటీకి నన్ను న్యాయనిర్ణేతగా పిలిచారు. ఒకప్పుడు ఇదే హాల్లో చాప వేసుకొని కూర్చున్నవాడిని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. అందుకు వార్డెన్ గారికి, తమ్ముళ్ళకు నా కృతజ్ఞతలు. పోటీకి ఇచ్చిన అంశం ఇది: "ఒక దేశం తాను చేరిన రాజకీయ, ఆర్థిక కూటమి నుంచి బయటికి రావచ్చా, రాకూడదా?" తొమ్మిది, పది తరగతుల పిల్లలు బ్రిటన్ గురించి, యూరోపియన్ యూనియన్ గురించి బాగానే చదువుకొని వచ్చారు. రెండు పక్షాలూ గట్టిగా మాట్లాడాయి.

పోటీ ముగిసి అందరూ అన్నాలకు లేచే వేళ ఒక తమ్ముడు నా దగ్గరికొచ్చి, "అన్నా! మనమూ ఇట్టాగే విడిపోయాంగా. మనకు మంచి జరిగిందా, చెడు జరిగిందా?" అని అడిగాడు. ఏదో చెప్పి తప్పించుకున్నాను గాని, ఇంటికెళ్ళాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ తమ్ముడికి నేను బాకీ పడిన జవాబే ఈ వ్యాసం.

బ్రిటన్ ఏం చేసింది?

ముందు పిల్లలు మాట్లాడిన సంగతే చూద్దాం. బ్రిటన్ 1973లో యూరప్ ఆర్థిక కూటమిలో చేరింది. 2016 జూన్ 23న ఉండాలా, వెళ్ళాలా అని ప్రజలను అడిగారు. ఓటు వేసిన వారిలో నూటికి 51.9 మంది వెళ్ళిపోదామన్నారు, 48.1 మంది ఉందామన్నారు. వెళ్ళిపోదామన్న వాళ్ళ మాటను తేలిగ్గా తీసిపారేయలేం. మా చట్టాలు మేమే చేసుకోవాలి, మా సొమ్ము మా దగ్గరే ఉండాలి, మా దేశంలోకి ఎవరు రావాలో మేమే తేల్చుకోవాలి అన్నారు. ఉందామన్న వాళ్ళదీ న్యాయమైన మాటే. మా సరుకుకు అది పెద్ద బజారు, మా పిల్లలు అక్కడ చదువుకుంటున్నారు, పనులు చేసుకుంటున్నారు అన్నారు.

అయితే ఓటు కాగితం మీద ఉన్నది ఒక్కటే ప్రశ్న. వెళితే ఏ షరతుల మీద వెళ్ళాలి? సరుకు మీద సుంకం ఎంత? ఐర్లండ్ రిపబ్లిక్ కూటమిలోనే ఉంటుంది, దాన్ని ఆనుకొని ఉన్న ఉత్తర ఐర్లండ్ బ్రిటన్‌తో బయటికొస్తుంది. మరి ఆ సరిహద్దు మీద తనిఖీలు ఎక్కడ చేయాలి? ఇవేవీ ఆ కాగితం మీద లేవు. ఓటు అయ్యాక లెక్కలు మొదలుపెట్టారు. 2019లో ఒప్పందాన్ని వాళ్ళ పార్లమెంటు మూడుసార్లు తిప్పికొట్టింది. చివరికి 2020 జనవరి 31న బయటికొచ్చారు. వ్యాపార ఒప్పందం ఆ ఏడాది డిసెంబరు 24న గాని కుదరలేదు. ఉత్తర ఐర్లండ్ సరుకుల చిక్కు మీద 2023లో మళ్ళీ ఇంకో ఒప్పందం రాసుకోవలసి వచ్చింది. ఒక్క రోజు ఓటుకు ఏడేళ్ళ లెక్క!

ఇంకొక సంగతి మీ వయసు పిల్లలు గమనించాలి. 2014 సెప్టెంబరులో బ్రిటన్ నుంచి విడిపోవాలా అని స్కాట్లండ్‌లో ఓటింగు పెట్టినప్పుడు 16, 17 ఏళ్ళ పిల్లలకు కూడా ఓటు ఇచ్చారు. 2016లో ఇవ్వలేదు. ఆ తీర్పుతో ఎక్కువ కాలం బతకవలసింది ఆ పిల్లలే. వాళ్ళనే అడగలేదు.

ఒకే నేల, రెండు నినాదాలు

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. భారతదేశంలో ఒక రాష్ట్రం దేశాన్ని వదిలిపోవటం అన్నది లేదు. ఒక రాష్ట్రం నుంచి ఇంకొక రాష్ట్రం వేరుపడటం ఉంది. ఆ రుచి తెలుగువాళ్ళకు తెలిసినంతగా వేరెవరికీ తెలియదేమో.

పొట్టి శ్రీరాములు గారు 58 రోజులు నిరాహారదీక్ష చేసి 1952 డిసెంబరు 15న ప్రాణం వదిలారు. మద్రాసు నుంచి విడిపోయి 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. రాజధాని కర్నూలు, హైకోర్టు మన గుంటూరు. తెలంగాణను ఇప్పటికి వేరుగానే ఉంచండి, 1961 ఎన్నికల తర్వాత అక్కడి శాసనసభలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకుంటే కలపండి అని 1955లో ఫజల్ అలీ కమిషన్ చెప్పింది. అంతకాలం ఆగలేదు. 1956 ఫిబ్రవరిలో రెండు ప్రాంతాల నాయకులు ఢిల్లీలో కూర్చొని పెద్దమనుషుల ఒప్పందం రాసుకున్నారు. తెలంగాణ మిగులు నిధులు తెలంగాణకే ఖర్చుపెట్టాలి, అక్కడి ఉద్యోగాల్లో, చదువుల్లో అక్కడివాళ్ళకు రక్షణ ఉండాలి, ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వారైతే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతం వారు కావాలి అనుకున్నారు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. తీరా చూస్తే మొదటి మంత్రివర్గంలోనే ఉపముఖ్యమంత్రి లేరు. తెలంగాణ వారి కోపం ఒక్కరోజులో పుట్టింది కాదు. 1969లో ఉస్మానియా విద్యార్థులు రోడ్ల మీదకొచ్చారు, ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్నారు.

ఆ తర్వాత మూడేళ్ళకు మన వంతు వచ్చింది. నిజాం కాలం నాటి ముల్కీ నిబంధనలు చెల్లుతాయని 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. హైదరాబాదులో ఉద్యోగానికి పదిహేనేళ్ళ నివాసం కావాలన్నది ఆ నిబంధన. రాజధాని మనదే గాని ఉద్యోగం మనది కాదా అని కోస్తాలో మంట రేగింది. అదే జై ఆంధ్ర ఉద్యమం. మా తాతయ్య అప్పుడు నరసరావుపేటలో హాస్టల్లో ఉండి ఇంటర్మీడియట్ చదివేవాడు. "గోడల మీద తారుతో జై ఆంధ్ర అని రాశాంరా. రైళ్ళు ఆపాం. కాలేజీలు నెలల తరబడి మూసేశారు, నాకు ఏడాది పోయింది" అని చెప్పేవాడు. 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన వచ్చింది. ఆ సెప్టెంబరులో ఆరు సూత్రాల పథకం, దాని వెంట రాజ్యాంగంలో 371డి అధికరణం వచ్చాయి. సీట్లలో నూటికి 85 స్థానికులకు, 15 అందరికీ అన్న లెక్క అక్కడి నుంచి వచ్చిందే.

తాతయ్య జై ఆంధ్ర అన్నాడు. 2013లో నేను ఇదే నేల మీద జై సమైక్యాంధ్ర అన్నాను. నడుమ నలభై ఏళ్ళు. ఒకరు విడిపోదామన్నారు, ఒకరు కలిసుందామన్నారు. ఇద్దరికీ అంతే ఆవేశం. ఎందుకని? ఇద్దరి భయమూ ఒక్కటే, హైదరాబాదు పోతుందని. 1972లో అక్కడ ఉద్యోగం రాదన్న భయం విడిపొమ్మంది. 2013లో అక్కడ ఉన్న ఉద్యోగం పోతుందన్న భయం కలిసుండమంది. నినాదం ఎన్నిసార్లయినా మారుతుంది. దాని కింద ఉన్న లెక్క మాత్రం మారదు.

ఆ ట్రంకు పెట్టె

2013 జూలై 30న ఢిల్లీలో విభజన నిర్ణయం ప్రకటించారు. నేను అప్పుడు పదో తరగతి. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా 66 రోజులు ఎన్జీవోల సమ్మె. బస్సులు ఆగిపోయాయి. బళ్ళు చాలా రోజులు మూతబడ్డాయి. మేము ఎవరిళ్ళకు వాళ్ళం వెళ్ళిపోయాం. మొదట సెలవులు వచ్చాయని సంబరపడ్డాం. సెంటర్లో మానవహారం కడితే చేతులు పట్టుకొని నిలబడ్డాం. ఎందుకు నిలబడ్డామో మాలో ఒక్కడికీ తెలియదు.

నా పక్క చాప మీద పడుకొనే స్నేహితుడు ఒకడుండేవాడు. లెక్కల్లో నాకంటే మొనగాడు. బడి లేని రోజుల్లో వాళ్ళమ్మతో పత్తి చేలో కలుపుకు, తర్వాత మిరప నాట్లకు పోయాడు. రోజు కూలి చేతికొచ్చింది. ఇంట్లో అప్పుంది. సమ్మె అయిపోయాక మేమంతా తిరిగొచ్చాం, వాడు రాలేదు. వాడి ట్రంకు పెట్టె గోడ పక్కన అట్లాగే ఉండిపోయింది. మార్చిలో మేము పరీక్షలు రాసేటప్పుడూ అది అక్కడే ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో పది రాసిన చివరి బ్యాచి మాది. వాడి హాల్ టికెట్ లేకుండానే ఆ బ్యాచి అయిపోయింది.

వాడి చదువు పోవటానికి ఫలానా పార్టీయో, ఫలానా ప్రాంతమో కారణమని నేను అనను. విడిపోదామన్నవాళ్ళకూ వాడు గుర్తులేడు, కలిసుందామన్నవాళ్ళకూ గుర్తులేడు. పెద్ద గొడవల్లో మన హాస్టలు పిల్లల లెక్క ఎవరి పుస్తకంలోనూ ఉండదు. నా బాధ అదే.

పల్లెల్లో పంపకం ఎట్లా జరుగుతుంది?

మన ఊళ్ళల్లో అన్నదమ్ములు వేరుపడటం మీరు చూసే ఉంటారు. పెద్దమనుషులు కూర్చుంటారు. పొలం కొలుస్తారు. బావి నీళ్ళకు వంతులు పెడతారు. దారి ఎటునుంచో, అప్పు ఎవరెంత కట్టాలో, ముసలి తల్లి ఏ నెల ఎవరి దగ్గరుండాలో కాగితం మీద రాసి వేలిముద్రలు వేయిస్తారు. ఆ తర్వాతే పొయ్యి వేరుపెట్టుకుంటారు. మనలో చాలామంది ఇళ్ళల్లో పంచుకోవటానికి పొలం లేదు. అమ్మానాన్నలను చూసుకొనే వంతులే మన ఆస్తి. అయినా అది కూడా నలుగురి ముందు మాట్లాడుకొనే విడిపోతాం.

2014లో ఇది తలకిందులైంది. ఫిబ్రవరి 18న లోక్‌సభలో, 20న రాజ్యసభలో బిల్లు అయిపోయింది. జూన్ 2న రెండు రాష్ట్రాలయ్యాయి. లెక్క మాత్రం చాలావరకు తర్వాత తేల్చుకోండన్నారు. అప్పులూ ఆస్తులూ జనాభాను బట్టి 58.32, 41.68 పాళ్ళలో పంచాలన్నారు. తొమ్మిదో షెడ్యూలులో 91, పదో షెడ్యూలులో 142 సంస్థలు లెక్కకొచ్చాయి. 2024లో హైదరాబాదు ఉమ్మడి రాజధాని గడువు ముగిసేనాటికి కూడా వాటిలో చాలావాటి పంపకం తెగలేదు. మనకు ప్రత్యేక హోదా అయిదేళ్ళు ఇస్తామని ప్రధానమంత్రి రాజ్యసభలో చెప్పారు. చట్టంలో రాయలేదు. 2016లో హోదా బదులు ప్యాకేజీ అన్నారు. నోటిమాట ఎంత పెద్ద సభలో చెప్పినా నోటిమాటే, కాగితం కాగితమే అని మనకు తెలిసొచ్చింది.

నీళ్ళ సంగతి చూడండి. బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి రాష్ట్రానికి కృష్ణలో 811 టీఎంసీలు ఇచ్చింది. 2015లో తాత్కాలికంగా మనకు 512, తెలంగాణకు 299 అనుకున్నారు. ఆ తాత్కాలికమే ఏళ్ళ తరబడి నడిచింది. 2023 నవంబరు చివర్లో నాగార్జునసాగర్ డ్యాం మీద 13వ గేటు దగ్గర ముళ్ళకంచె వేసి మన పోలీసులు అటు, తెలంగాణ పోలీసులు ఇటు నిలబడ్డారు. చివరికి కేంద్ర బలగాలు వచ్చి డ్యామును తమ చేతుల్లోకి తీసుకున్నాయి. మన పల్నాడు పొలాలకు పారే కుడి కాలువ నీళ్ళు ఆ డ్యాం నుంచి వచ్చేవే. రాష్ట్రాన్ని కోయవచ్చు, నదిని కోయలేం. పొయ్యి వేరైనా బావి ఒక్కటే.

విభజన చట్టంలో పిల్లలకు కాగితం మీద రాసిచ్చినది ఒకటుంది. పాత ప్రవేశాల పద్ధతి పదేళ్ళు నడవాలని 95వ సెక్షను చెప్పింది. దానివల్ల మన పిల్లలు హైదరాబాదు కాలేజీల్లో ఆ 15 శాతం సీట్లకు పోటీపడగలిగారు. 2024 జూన్ 2తో ఆ గడువు ముగిసింది. ఇప్పుడు పది చదువుతున్న మీకు ఆ తలుపు లేదు. ఇది మీలో ఎంతమందికి తెలుసు? మీ చేత ఓటు వేయించలేదు, మిమ్మల్ని అడగలేదు, ఫలితం మాత్రం మీ మీద పడింది.

పేచీ లేకుండా విడిపోవచ్చా?

విడిపోవటం ఎప్పుడూ పేచీయే అనుకోకండి. 2022 ఏప్రిల్ 4న గుంటూరు నుంచి మన పల్నాడు జిల్లా వేరైంది. ఎవరన్నా ఏడ్చారా? కలెక్టరాఫీసు నరసరావుపేటకు దగ్గరైందని సంతోషించాం. ఎందుకంటే ఎవరి నీళ్ళూ పోలేదు, ఎవరి సీటూ పోలేదు. మన మిరపకాయ టిక్కీలు ఇప్పటికీ గుంటూరు యార్డుకే పోతున్నాయి. జిల్లా వేరు, రాష్ట్రం వేరు అనే మాట నిజమే. అయినా విడిపోయినా బతుకుదారి మూసుకుపోకపోతే కక్ష పుట్టదన్న పాఠం అందులో ఉంది.

ఇంకొంచెం పెద్ద ఉదాహరణ సింగపూరు. అది 1963లో మలేషియాలో చేరి, రెండేళ్ళకే 1965 ఆగస్టు 9న వేరైంది. ఇష్టంతో వేరవలేదు, గొడవల మధ్య వేరైంది. అప్పట్లో ఆ చిన్న ద్వీపానికి తాగే నీళ్ళు చాలావరకు మలేషియాలోని జొహోర్ నుంచే రావలసి ఉండేది. 1961, 1962లలో రాసుకున్న నీటి ఒప్పందాలకు ఇద్దరూ కట్టుబడి ఉంటామని ఆ వేరుపడే కాగితంలోనే రాసుకున్నారు. రెండో ఒప్పందం 2061 దాకా ఉంది. ధర మీద ఎన్నోసార్లు తగాదా పడ్డారు గాని ఆ కాగితం మాత్రం నిలిచింది.

అంబేద్కర్ గారు ఏమన్నారు?

మన హాల్లో గోడ మీద ఉన్న బాబాసాహెబ్ ఈ విషయం మీద చాలా ఆలోచించారు. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో, మన దేశం రాష్ట్రాలు ఒప్పందం చేసుకొని కట్టుకున్న కూటమి కాదు, అందుచేత ఏ రాష్ట్రానికీ దేశాన్ని వదిలిపోయే హక్కు లేదు అని వివరించారు. అదే సమయంలో దేశం లోపల చిన్న రాష్ట్రాలు ఉండటం మంచిదే అన్నది ఆయన ఆలోచన. 1955లో భాషా రాష్ట్రాల మీద రాసిన పుస్తకంలో ఆయన ఒక ప్రశ్న వేశారు. ఒక రాష్ట్రంలో సంఖ్యాబలం, భూమి బలం ఉన్న కులాల చేతిలో చిన్న వర్గాల గతి ఏమిటి? గీత ఎక్కడ గీశారు అనే దాని కంటే, గీత లోపల బలహీనుడికి ఏ రక్షణ రాశారు అనేది ఆయనకు ముఖ్యం. మనకూ అదే ముఖ్యం కావాలి.

నా అభిప్రాయం

ఇక ఆ తమ్ముడికి నా జవాబు. దేశాలు చేతులు కలిపి కట్టుకున్న కూటమి అయితే బయటికొచ్చే హక్కు ఉండాల్సిందే. తలుపు లేని ఇల్లు ఇల్లు కాదు, జైలు. యూరోపియన్ యూనియన్ ఒప్పందంలో 50వ అధికరణం ఆ తలుపే. ఇక తెలంగాణ వారు తమ రాష్ట్రం తాము అడగటం తప్పని నేను ఇప్పుడు అనుకోను. 1956లో ఇచ్చిన మాట నిలబెట్టి ఉంటే బహుశా ఆ కోరికకు అంత బలం వచ్చేది కాదు. తప్పు అడగటంలో లేదు, పంచిన తీరులో ఉంది. ముందు వేరు, తర్వాత లెక్క అన్నారు. ముందు లెక్క, తర్వాత వేరు అని ఉండాలి.

దీనికి తెలంగాణ మిత్రుడు ఒకరు నాతో గట్టిగా వాదించారు. "లెక్క తేలేదాకా ఆగమంటే బలమున్నవాడు లెక్కను ఎప్పటికీ తేలనివ్వడు, మమ్మల్ని అరవై ఏళ్ళు ఆపింది ఆ సాకుతోనే" అన్నారు. ఆ మాటలో నిజముంది. అందుకే లెక్కకు కూడా గడువు పెట్టాలంటాను. రెండేళ్ళో మూడేళ్ళో ముందే రాసుకోవాలి. ఇద్దరిలో ఎవరికీ చుట్టం కాని మూడో మనిషి కూర్చొని తేల్చాలి. గడువులోగా తేలకపోతే ఆయన చెప్పిందే తీర్పు. అప్పుడు ఆపేవాడూ ఉండడు, దూకేవాడూ ఉండడు.

తమ్ముళ్ళూ! రేపు మీకు ఓటొస్తుంది. ఉందామనీ, పోదామనీ మీ ముందు ఎవరో ఒకరు అరుస్తారు. అరిచేముందు మూడు ప్రశ్నలు అడగండి. ఇచ్చే మాట ఏ కాగితం మీద ఉంది? ఆ మాట తప్పితే అడిగేదెవరిని? ఆఖరి వరసలో కూర్చున్నవాడికి ఏం మిగులుతుంది? ఈ మూడింటికీ జవాబు దొరికితే ఏ పక్షానైనా నిలబడండి, నాకు అభ్యంతరం లేదు. జవాబు దొరక్కపోతే మానవహారంలో నిలబడవద్దు. ముఖ్యంగా ఏ ఉద్యమమైనా రానివ్వండి, పుస్తకం మాత్రం మూయవద్దు. మన చేతిలో ఉన్న ఆస్తి అదొక్కటే, దాన్ని పంచమని ఎవరూ అడగరు, పోగొట్టుకుంటే ఎవరూ తెచ్చివ్వరు.

నా స్నేహితుడు ఇప్పుడు హైదరాబాదులో సెంట్రింగు పనికి పోతున్నాడు. రాష్ట్రాలు విడిపోయినా వాడి కూలి అక్కడే ఉంది. సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు, "మన పెట్టె ఇంకా ఉందారా?" అని నవ్వుతూ అడిగాడు. లేదన్నాను. వాడి కూతురు ఈ ఏడాది బడిలో చేరింది. ఆ పాపను మధ్యలో మాన్పించనని నాకు మాటిచ్చాడు. అది నోటిమాటే. అయినా దాన్ని మాత్రం నేను నమ్ముతున్నాను.

జై భీమ్.

– పూర్వ విద్యార్థి, 2013–14 పదో తరగతి